దాచి మోయడానికి పిస్టల్: ఏ సైజు తీసుకోవాలి, ఏది మార్చాలి, ఏది ముట్టుకోకూడదు?

కొత్తపట్టు:
లైసెన్సు చేతికొచ్చింది, శిక్షణ పూర్తయింది. చొక్కా కింద రోజూ పెట్టుకోవడానికి 9 ఎంఎం సెమీ ఆటోమేటిక్ చూస్తున్నాను. గ్లాక్ 19 సైజా, సిగ్ పీ365 సైజా అన్న దగ్గరే ఆగిపోయాను. కొన్నాక చేయించాలనుకున్నవి: తేలిక ట్రిగ్గర్ కిట్, తక్కువ బలం స్ట్రైకర్ (తూటా అడుగున కొట్టే సూది) స్ప్రింగ్, మ్యాగజైన్‌లో రెండు రౌండ్లు ఎక్కువ పట్టే అడుగు, స్లైడ్‌కి కిటికీలు (పైన ముందుకీ వెనక్కీ జరిగే ఆ లోహభాగంలో కోసే రంధ్రాలు), రెడ్ డాట్ (ఎర్ర చుక్క చూపే గాజు సైట్). వీటిలో ఏది ముందు చేయించాలి?

తోలుబెల్టు:
ముందు సైజు సంగతి. అందరూ బారెల్ పొడవు చూసి జంకుతారు. నిజానికి బారెల్ ప్యాంటు లోపలికి దిగిపోతుంది, దాన్ని ఎవరూ చూడరు. చొక్కా మీద ఉబ్బెత్తుగా కనిపించేది పిడి మడమ. గ్లాక్ 19 బారెల్ 102 మిల్లీమీటర్లు, పీ365 బారెల్ 79. ఈ తేడాతో దాపరికానికి పెద్దగా పనిలేదు. ఎత్తు మాత్రం మొదటిదానికి మ్యాగజైన్‌తో కలిపి 128, రెండోదానికి దాదాపు 109. మీరు వంగినప్పుడు బయటపడేది ఆ రెండు సెంటీమీటర్లే.

నడుం ముందు భాగంలో పెట్టుకునేవాళ్లకి బారెల్ మరీ పొట్టిగా ఉంటే ఇంకో చిక్కు. పిడి బరువుకి తుపాకీ పైభాగం బెల్టు మీద నుంచి బయటికి వాలుతుంది. కింద కాస్త పొడుగు ఉంటేనే పొట్టకి ఆనుకుని నిలబడుతుంది. అందుకే పొట్టి పిడి, మధ్యస్థ స్లైడ్ ఉన్న మోడళ్లు కూడా వరుసలో పెట్టుకోండి.

మూడోస్ప్రింగు:
దాచడం వరకు తోలుబెల్టు గారు చెప్పింది సరే. కాల్చడం దగ్గరికొస్తే లెక్క తిరగబడుతుంది. ఖాళీ మ్యాగజైన్‌తో గ్లాక్ 19 సుమారు 670 గ్రాములు, పీ365 సుమారు 505. తూటా అదే, తన్ను అదే, దాన్ని మింగే బరువు మాత్రం తక్కువ. పైగా పొట్టి స్లైడ్ తక్కువ దూరంలోనే వెనక్కి వెళ్లి తిరిగి రావాలి. ఆ కొద్ది సమయంలో మ్యాగజైన్ స్ప్రింగ్ తర్వాతి తూటాని పైకి ఎత్తిపెట్టాలి. అందుకే పీ365 లాంటి మైక్రోల్లో ఈ స్ప్రింగూ, స్లైడ్ని తిరిగి ముందుకి తోసే రీకాయిల్ స్ప్రింగూ రెండూ గట్టిగా పెడతారు, పొరపాట్లని సహించే గుణం తగ్గిపోతుంది. మణికట్టు కొంచెం వదులైతే చాలు, స్లైడ్ తన్నే బలం చేతితో పాటే వెనక్కి పోతుంది, ఖాళీ కేసు (పేలిన తూటా గొట్టం) సగంలో ఇరుక్కుంటుంది.

షాపులో చూసేటప్పుడు, ఛాంబర్ (బారెల్ వెనక తూటా కూర్చునే చోటు) ఖాళీ అని కంటితోనూ వేలితోనూ రూఢి చేసుకున్నాక, మూడు విషయాలు గమనించండి. చిటికెన వేలికి పిడి మీద చోటుందా? చూపుడు వేలి మెత్తని భాగం ట్రిగ్గర్ మీదికి పిడి తిప్పకుండా అందుతోందా? స్లైడ్‌ని వరసగా పదిసార్లు పూర్తిగా లాగగలరా? మూడోది కుదరకపోతే ఆ తుపాకీ ఎంత చిన్నదైనా మీది కాదు.

హ్యామర్‌పక్షం:
స్ట్రైకర్ ఒక్కటే దారి కాదండీ. డబుల్ యాక్షన్‌తో మొదలై సింగిల్‌లోకి మారే హ్యామర్ పిస్టళ్లలో (మొదటిసారి వెనక సుత్తిని ట్రిగ్గరే ఎత్తి వదులుతుంది, తర్వాత అది ముందే ఎత్తి ఉంటుంది) మొదటి లాగుడు బరువుగా, పొడుగ్గా ఉంటుంది. హోల్‌స్టర్‌లో పెట్టేటప్పుడు బొటనవేలు హ్యామర్ మీద ఆనించి ఉంచితే, ట్రిగ్గర్‌కి ఏదైనా తగులుకున్న క్షణంలో హ్యామర్ కదలడం వేలికే తెలుస్తుంది. నడుం ముందు పెట్టుకునేవాళ్లకి ఇది చిన్న లాభం కాదు. మొదటి, రెండో తూటాల మధ్య ట్రిగ్గర్ బరువు మారిపోతుంది కాబట్టి, సాధనలో ఆ మార్పునే ఎక్కువగా చేయాలి.

ఖాళీఛాంబర్:
కొత్తపట్టు గారి జాబితాలో మొదటి రెండూ నేను కొట్టేస్తాను. ఎందుకో చెప్తా.

గ్లాక్‌లో ట్రిగ్గర్ లాగుడు రెండు స్ప్రింగుల బేరం. స్ట్రైకర్ స్ప్రింగ్ మీ వేలికి ఎదురు నిలుస్తుంది, ట్రిగ్గర్ స్ప్రింగ్ మీకు సాయం చేస్తుంది. కంపెనీ స్ట్రైకర్ స్ప్రింగ్ 5.5 పౌండ్లది. కిట్‌లో వచ్చేవి 4.5, 4 పౌండ్లవి. దాన్ని మార్చగానే లాగుడు తేలికవుతుంది, నిజమే. కానీ తూటా అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్‌ని కొట్టే దెబ్బ కూడా ఆ స్ప్రింగుదే. మెత్తటి ప్రైమర్లు పేలతాయి, గట్టి ప్రైమర్ వచ్చిన రోజు చిన్న సొట్ట పడి ఊరుకుంటుంది. పైగా స్ట్రైకర్ దారిలో కాస్త జిడ్డు పేరుకుంటే, అసలు స్ప్రింగ్ దాన్ని దాటుకుని కొడుతుంది, తేలిక స్ప్రింగ్ కొట్టలేదు. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడడం అంటే ఇదే.

రెండో సంగతి ఎక్కువమందికి తట్టదు. ఆ కిట్లలో చాలావాటిలో ఫైరింగ్ పిన్ సేఫ్టీ ప్లంజర్ (స్ట్రైకర్ ముందుకి పోకుండా అడ్డుకునే ముక్క), దాని స్ప్రింగ్ కూడా ఉంటాయి. తుపాకీ కింద పడితే పేలకుండా ఆపేవాటిలో ఆ చిన్న ముక్క ముఖ్యమైనది. రోజూ మోసే తుపాకీలో దాని స్ప్రింగ్ బలం తగ్గించడం నేను సమర్థించను.

ఎవరైనా ట్రిగ్గర్ భాగం ఏది మార్చినా, ఇంటికి తెచ్చాక ఈ పరీక్ష తప్పదు. మ్యాగజైన్ తీసేయాలి, ఛాంబర్ రెండుసార్లు చూడాలి, తూటాలు ఇంకో గదిలో ఉండాలి. స్లైడ్ విప్పి, స్ట్రైకర్ తోకని వేలితో వెనక్కి లాగి, నెమ్మదిగా ముందుకి వదిలి నొక్కండి. ప్లంజర్ నొక్కకుండా పిన్ మొన బ్రీచ్ ముఖం (తూటా అడుగు ఆనే స్లైడ్ లోపలి గోడ) మీద బయటికి రాకూడదు. వస్తే ఆ తుపాకీ ఆ రోజు నుంచి పెట్టెలోనే. ప్లంజర్ నొక్కి పట్టుకుని ఊపితే పిన్ స్వేచ్ఛగా ఆడాలి.

కొత్తపట్టు:
అర్థమైంది, ట్రిగ్గర్ వదిలేశా. మరి ఆ లాగుడు గరుగ్గా ఉంటే అలాగే భరించాలా?

ఖాళీఛాంబర్:
డమ్మీ తూటాలతో ఖాళీ సాధన చేయండి. లోహం మీద లోహం రాసుకుని చాలావరకు నున్నబడుతుంది. ట్రిగ్గర్ లోపలి భాగాలైన కనెక్టర్, ట్రిగ్గర్ బార్ కలిసే చోట ఒక్క చుక్క నూనె వేయండి. మిగతా నూనె స్లైడ్ జారే నాలుగు పట్టాల మీద, బారెల్ పైభాగంలో స్లైడ్ రుద్దుకుని మెరిసే చోట, బారెల్ కింద లగ్‌ దగ్గర, అంతే. స్ట్రైకర్ దారిలో మాత్రం ఒక్క చుక్క కూడా వద్దు. అక్కడ నూనె పోస్తే పొడి, మసి కలిసి ముద్దలా మారుతుంది. తర్వాత ప్రైమర్ మీద సన్నటి దెబ్బలు పడుతుంటే స్ప్రింగ్ పాడైందని అనుకుంటారు.

మూడోస్ప్రింగు:
ఇప్పుడు మ్యాగజైన్. నా ఉద్దేశంలో ఈ చర్చలో సగం దీనికే ఇవ్వాలి. సెమీ ఆటోమేటిక్ ఆగిపోయినప్పుడు జనం ముందు తుపాకీని అనుమానిస్తారు. ముందు అనుమానించాల్సింది ఆ రేకు డబ్బానే.

కంపెనీ మ్యాగజైన్లే కొనండి, కనీసం నాలుగు. రెండు రోజూ మోయడానికి, రెండు సాధనకి. అడుగున పెయింట్ పెన్నుతో 1, 2, 3, 4 అని రాయండి. ఇది షోకు కోసం కాదు. ఇరుక్కున్న ప్రతిసారీ ఏ నంబరో రాసుకుంటే మూడు సాయంత్రాల్లో తేలిపోతుంది. తప్పులన్నీ 3 దగ్గరే వస్తుంటే మ్యాగజైన్ దోషం. అన్నిట్లో సమంగా వస్తుంటే తుపాకీ, తూటా, పట్టు, ఈ మూడింట్లో ఒకటి.

ఇక ఆ రెండు రౌండ్లు పెంచే అడుగు. డబ్బా పొడుగైంది, లోపలి స్ప్రింగ్ మాత్రం పాతదే అయితే ఏమవుతుంది? పైన నిండుగా ఉన్నప్పుడు బాగానే ఎత్తుతుంది. చివరి రెండు తూటాల దగ్గరికొచ్చేసరికి స్ప్రింగ్ దాదాపు వదులైపోయి ఉంటుంది. స్లైడ్ ముందుకొచ్చే వేగానికి తూటా పూర్తిగా లేవదు. అప్పుడు తూటా ముక్కు కిందికి వాలి ఫీడ్ ర్యాంప్ (తూటా ఛాంబర్‌లోకి ఎక్కే వాలు) కింద గుద్దుకుంటుంది, లేదా స్లైడ్ దాని మీదుగా వెళ్లి ఖాళీ ఛాంబర్ మీద మూసుకుంటుంది. చివరి తూటా తర్వాత స్లైడ్ వెనక ఆగకపోతే అది కూడా ఇదే జబ్బుకి మొదటి గుర్తు. పొడుగు అడుగు పెట్టాలంటే దానికి సరిపడే పొడుగు స్ప్రింగ్ కూడా వేయాలి. అయినా మోసే మ్యాగజైన్‌కి వద్దంటాను: పైన తోలుబెల్టు గారు తగ్గించిన పిడి పొడవు మళ్లీ పెరిగిపోతుంది.

మ్యాగజైన్ నిండుగా ఉంచితే స్ప్రింగ్ చచ్చిపోతుందని ఒక పుకారు ఎప్పటినుంచో తిరుగుతోంది. మంచి స్ప్రింగ్ నొక్కి ఉంచినంత మాత్రాన అలసిపోదు. నొక్కడం, వదలడం వేల సార్లు జరిగితేనే అలసిపోతుంది. కాబట్టి ముందు పోయేవి సాధన మ్యాగజైన్లే.

హ్యామర్‌పక్షం:
స్లైడ్ వెనక ఆగకపోవడం ప్రతిసారీ స్ప్రింగ్ తప్పు కాదు. చేతులు పెద్దవైనవాళ్లు పైకి చాపిన బొటనవేలు స్లైడ్ స్టాప్ మీద ఆనిస్తారు, అది లేవదు. ముందు పట్టు మార్చి చూడండి. మరొకరి చేత కాల్పించి చూస్తే అసలు సంగతి ఒక్క మ్యాగజైన్‌లో తేలిపోతుంది.

మూడోస్ప్రింగు:
ఒప్పుకుంటున్నాను, అది రాయడం మరిచాను.

రీకాయిల్ స్ప్రింగ్ గురించి కూడా. మైక్రోల్లో దీని ఆయువు తక్కువ. చిన్నవాటికి రెండు మూడు వేల రౌండ్లకి, గ్లాక్ 19 లాంటి కాంపాక్ట్‌కి నాలుగైదు వేలకి కొత్తది వేయడం మంచి అలవాటు. మాన్యువల్ ఇంకా తక్కువ చెబితే అదే పాటించండి. గ్లాక్ తరహా వాటిలో మధ్యలో చూసుకునే పద్ధతి ఒకటుంది. ఖాళీ తుపాకీ, మూతి సురక్షితమైన దిక్కున పైకి. ట్రిగ్గర్ నొక్కి అలాగే పట్టుకోండి, స్లైడ్ పూర్తిగా వెనక్కి లాగి, చేత్తో ఆపుకుంటూ మెల్లగా ముందుకి వదలండి. స్లైడ్ తనంతట తాను పూర్తిగా మూసుకోవాలి. చివరి రెండు మూడు మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోతే స్ప్రింగ్ ముసలిదైంది.

కొత్తపట్టు:
స్లైడ్ కిటికీలు, కాంపెన్సేటర్?

ఖాళీఛాంబర్:
కిటికీలు పెట్టిస్తే స్లైడ్ బరువు తగ్గుతుంది, స్లైడ్ వేగం పెరుగుతుంది, రీకాయిల్ స్ప్రింగ్‌తో కంపెనీ కుదిర్చిన తూకం పోతుంది. చెమట, బట్టల నూగు లోపలికి పోవడానికి దారులు కూడా పెరుగుతాయి. కాంపెన్సేటర్ దీనికి తిరుగుడు: బారెల్ మూతికి బరువు తగిలిస్తారు, వాయువులో కొంత పైకి పోతుంది, స్లైడ్ బలహీనంగా వెనక్కి వెళుతుంది. అప్పుడు స్ప్రింగ్ తేలిక చేయాలి, అయినా తక్కువ బలం తూటాలు సరిగా పనిచేయకపోవచ్చు. ఒకదాన్ని సరిచేయబోతే ఇంకోటి. పోటీల్లో కాల్చేవాళ్లు ఆ తంటా పడతారు, వాళ్లకి ఒకే రకం తూటా కాబట్టి.

ఫీడ్ ర్యాంప్‌ని గ్రైండర్ పెట్టి అద్దంలా తోమించుకునేవాళ్లకి కూడా ఒక మాట. ఇప్పటి పిస్టళ్లు గుల్ల మొన తూటాలు (తగిలాక విచ్చుకునేవి) తినేలాగే తయారవుతాయి. గ్రైండర్ మెరుపుతో పాటు లోహాన్ని కూడా తీసేస్తుంది. ర్యాంప్ కోణం మారితే, కేసు అడుగుకి ఛాంబర్ ఇచ్చే ఆసరా తగ్గితే, ఆ బారెల్ ఇక పనికిరాదు.

చుక్కచూపు:
రెడ్ డాట్ మాత్రం తీసేయకండి. కంటి చూపు లక్ష్యం మీదే ఉంచి కాల్చగలగడం పెద్ద లాభం. ఓపిక కావాల్సింది బిగింపు దగ్గరే.

చుక్క సైజు 3 ఎంఓఏ (డిగ్రీలో అరవయ్యో వంతు కోణం ఒక ఎంఓఏ) అయితే 25 మీటర్ల దగ్గర దాదాపు 22 మిల్లీమీటర్లు కప్పుతుంది, 6 అయితే 44. మోసే తుపాకీకి పెద్ద చుక్క త్వరగా కంటికి దొరుకుతుంది. స్క్రూలు, గాడి రెండిటిలోనూ నూనె లేకుండా తుడవండి. నీలం రకం థ్రెడ్ లాకర్ (స్క్రూ వదులవకుండా పట్టే జిగురు) ఒక చిన్న చుక్క. బిగింపు చాలా సైట్లకి 12 అంగుళం-పౌండ్ల దగ్గర, అంటే దాదాపు 1.4 న్యూటన్ మీటర్లు. మీ సైట్ కాగితంలో వేరే అంకె ఉంటే అదే ఖాయం. టార్క్ డ్రైవర్ లేకుండా చేతి అంచనాతో బిగిస్తే స్క్రూ తలలు తెగుతాయి, లేదా రెండొందల రౌండ్లకే వదులవుతాయి. ఆరాక స్క్రూ తల మీద నుంచి సైట్ మీదికి తెల్ల పెయింట్‌తో సన్న గీత గీయండి. గీత విరిగినట్టు కనబడితే స్క్రూ తిరిగినట్టే.

ఒక్క విషయం దగ్గరగా చూడండి. డాట్ బిగించే గాడితోనే వచ్చే గ్లాక్ ఎంఓఎస్ స్లైడ్‌లో కుడివైపు స్క్రూ రంధ్రం కింద ఎక్స్‌ట్రాక్టర్‌ని (ఖాళీ కేసుని బయటికి లాగే కొక్కెం) ముందుకి తోసే ప్లంజర్ దారి ఉంటుంది. స్క్రూ అర మిల్లీమీటరు పొడుగైనా ఆ ప్లంజర్‌ని నొక్కి పట్టేస్తుంది. బయటికి అంతా బాగానే ఉంటుంది. కాల్చడం మొదలుపెట్టాకే ఖాళీ కేసులు సరిగా బయటికి రావు. జనం ఎక్స్‌ట్రాక్టర్ మారుస్తారు, ఆపైన స్ప్రింగ్ మారుస్తారు, మ్యాగజైన్లు మారుస్తారు. దోషం ఆ స్క్రూది. సైట్ బిగించాక ఎక్స్‌ట్రాక్టర్ కొక్కేన్ని పుల్లతో బయటికి లాగి చూడండి, మునుపటిలాగే ఆడాలి.

బ్యాటరీ చుక్క మసకబారేదాకా ఆగకుండా ఏడాదికోసారి ఒకే తేదీన మార్చండి. ఇనుప సైట్లు కూడా ఎత్తువి వేయించి, గాజు గుండా కనబడేలా పెట్టుకోండి.

హ్యామర్‌పక్షం:
డాట్ వద్దనుకునేవాళ్లకి: ముందు సైట్ మీద మెరిసే రంగు వలయం, వెనక సైట్ పూర్తి నలుపు. మూడు చుక్కలు సమానంగా మెరిస్తే హడావిడిలో ఏది ఏదో తెలియదు. చీకట్లో తమంతట తామే వెలిగే ట్రిటియం సైట్ల అర్ధాయువు 12.3 ఏళ్లు, పాత తుపాకీ కొంటే వెలుగు సగానికి పడిపోయి ఉండొచ్చు.

తూటా ఎత్తు తప్పితే లెక్క చాలా సులువు: తప్పిన దూరాన్ని రెండు సైట్ల మధ్య దూరంతో గుణించి, లక్ష్యం దూరంతో భాగించండి. సైట్ల మధ్య 153 మిల్లీమీటర్లు, 15 మీటర్ల దగ్గర 100 మిల్లీమీటర్లు కిందికి పడుతుంటే, 153 × 100 ÷ 15000, అంటే సుమారు 1 మిల్లీమీటరు. ముందు సైట్ అంత పొట్టిది వేయాలి. అయితే ఈ లెక్క బల్ల మీద ఆనించి కాల్చిన గుంపుకే. ట్రిగ్గర్ గుంజేవాళ్లు సైట్ మార్చినా ఏమీ మారదు.

తోలుబెల్టు:
హోల్‌స్టర్ గురించి ఎవరూ అడగలేదు, ఆశ్చర్యమేమీ లేదు, ఎప్పుడూ ఇంతే. ట్రిగ్గర్‌కి పెట్టాలనుకున్న డబ్బు ఇక్కడ పెట్టండి.

గట్టి కైడెక్స్ (ఒక రకం ప్లాస్టిక్), 2 మిల్లీమీటర్ల మందం. ట్రిగ్గర్ గార్డ్ రెండు వైపులా పూర్తిగా కప్పాలి, వేలు దూరే సందు ఉండకూడదు. తుపాకీ తీశాక కూడా నోరు తెరిచే ఉండాలి. మెత్తబడిన పాత తోలు అంచు లోపలికి మడిచి ట్రిగ్గర్ గార్డ్‌లోకి దూరడం అందరికీ తెలిసిన ప్రమాదం. జాకెట్ తాడు చివర ఉండే ప్లాస్టిక్ బిళ్ల కూడా అదే పని చేస్తుంది. తిరిగి పెట్టేటప్పుడు బట్ట పక్కకి లాగి, కంటితో చూస్తూ, నడుము ముందుకి తోసి మూతి ఒంటికి దూరంగా పెట్టండి. తీయడంలో తొందర ఉంటుంది, పెట్టడంలో ఎప్పుడూ ఉండదు.

ఖాళీ తుపాకీని హోల్‌స్టర్‌లో పెట్టి, మెత్తటి పరుపు మీద తలకిందులు చేసి ఊపండి. జారితే బిగింపు స్క్రూ పావు మలుపు తిప్పండి. ముందు నడుం మీద పెట్టుకునేవాళ్లకి పిడిని లోపలికి తోసే రెక్క, కింద మెత్తటి దిమ్మ ఉండాలి. బెల్టు 38 మిల్లీమీటర్ల వెడల్పు, అడ్డంగా మడిస్తే మడత పడనిది కావాలి. పిడి ఉబ్బు కనబడుతోందంటే సగం సార్లు తప్పు బెల్టుదే. సైట్ గానీ టార్చ్ గానీ తగిలిస్తే హోల్‌స్టర్ దానికి సరిపోయేదే కొనాలి, పాతది కోసి సరిపెట్టకండి.

కొత్తపట్టు:
చివరి ప్రశ్న. ఎన్ని రౌండ్లు కాలిస్తే నమ్మొచ్చు? ఏ తూటా?

మూడోస్ప్రింగు:
తూటా: గుల్ల మొన, బుల్లెట్ బరువు 124 లేదా 147 గ్రెయిన్లు. పది శాతం జెలటిన్ దిమ్మలో 12 నుంచి 18 అంగుళాలు దిగాలన్నది అమెరికా ఎఫ్‌బీఐ కొలబద్ద. పొట్టి బారెల్‌లో వేగం తగ్గుతుంది, కొన్ని తూటాలు విచ్చుకోవు. కాబట్టి మీ బారెల్ పొడవుతో పరీక్షించిన తూటానే చూడండి. ప్లస్ పీ అంటే పీడనం 35,000 నుంచి 38,500 పీఎస్‌ఐకి పెరుగుతుంది. మీ మాన్యువల్ ఒప్పుకుంటేనే వాడండి, స్ప్రింగ్ ముందే మారుస్తామన్న లెక్కతో.

పరీక్ష: మామూలు తూటాలు 300, మోసే తూటాలు 200. వాటిలో ప్రతి మ్యాగజైన్ కనీసం రెండుసార్లు నిండి ఖాళీ కావాలి. కొంత భాగం ఒంటిచేత్తో, రెండో చేత్తో కూడా కాల్చండి, బలహీనమైన పట్టులో ఏం జరుగుతుందో అప్పుడే తెలుస్తుంది. నిండు మ్యాగజైన్‌ని మూసిన స్లైడ్ కింద పెట్టి చూడండి, బలంగా కొడితే తప్ప తాళం పడకపోతే ఒక తూటా తగ్గించి నింపండి. తర్వాత ఒక్క తూటాతో ఒక్కో మ్యాగజైన్, ప్రతిసారీ స్లైడ్ వెనక ఆగాలి. మధ్యలో ఒక్కటి ఆగినా కారణం దొరికాక లెక్క సున్నా నుంచి మొదలు.

ఖాళీఛాంబర్:
దానికి ఒకటి చేర్చాలి. రోజూ తూటా తీసి, మళ్లీ అదే తూటాని ఛాంబర్‌లోకి తోయకండి. ప్రతిసారీ ముక్కు ర్యాంప్‌కి కొట్టుకుని, బుల్లెట్ కేసు లోపలికి కొంచెం దిగుతుంది. లోపల చోటు తగ్గితే పీడనం పెరుగుతుంది. 9 ఎంఎం గరిష్ఠ పొడవు 29.69 మిల్లీమీటర్లు, చాలా గుల్ల మొనలు అంతకన్నా పొట్టివే. కాబట్టి ఆ అంకెతో పోల్చకండి, అదే పెట్టెలో కొత్తదాన్ని పక్కన పెట్టి కాలిపర్స్‌తో కొలవండి. పావు మిల్లీమీటరు తగ్గినా దాన్ని మోసే తూటాల్లోంచి తీసేయండి, ఆ తేడా దాటితే సాధనకి కూడా వాడకండి.

కొత్తపట్టు:
సరే. జాబితా ఇలా మారింది: పిడి పొట్టిది, స్లైడ్ మధ్యస్థం. కంపెనీ మ్యాగజైన్లు నాలుగు, హోల్‌స్టర్, బెల్టు, 500 రౌండ్లు, ఆ తర్వాత డాట్. డాట్ ముందే పెట్టి 500 కాలిస్తే కాదా?

చుక్కచూపు:
వద్దు. డాట్ లేకుండా 500 శుభ్రంగా పేలిన తుపాకీ, బిగించాక కేసులు వదలకపోతే దోషం ఎక్కడుందో వెంటనే తెలుస్తుంది. రెండూ ఒకేసారి మొదలుపెడితే ఆ కుడివైపు స్క్రూ కోసం నెల రోజులు వెతుక్కుంటారు. డాట్ తర్వాత ఇంకో 100 చాలు, అందులో 50 మోసే తూటాలు.